షోలవరం బడిలో చదువు: ఓ పాత మెకానిక్ అనుభవ పాఠాలు

రేసింగ్ నేర్చుకుంటామంటూ మా షెడ్డుకొచ్చే తెలుగు కుర్రాళ్లకు 2011లో నోయిడా పక్కన ఫార్ములా వన్ జరిగిందని తెలుసు. షోలవరం అంటే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. మద్రాసులో స్థిరపడ్డ తెలుగువాణ్ణి, చేతికి గ్రీజు వదలనివాణ్ణి. దక్షిణాదిలో ఈ ఆట ఎలా నిలబడిందో బానెట్ కింద నుంచి చూసినంత మేరకు చెబుతాను.

1. ముందు చోటు కావాలి.
రెండో ప్రపంచ యుద్ధం వెళ్తూ వెళ్తూ మద్రాసుకు ఉత్తరాన, మన నెల్లూరు వెళ్లే దారి పక్కన, షోలవరంలో ఒక రన్‌వే వదిలిపోయింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్నే రేసులకు వాడుకుంది. కలకత్తావాళ్లకు బారక్‌పూర్, బొంబాయివాళ్లకు జుహూ, అవీ విమానాల నేలలే. షోలవరంలో విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు ఉరికింది. ఇంట్లోనే మార్చుకున్న ఫియట్లు, పుదుపేట పాత సామానుతో బతికించిన బైకులు కూడా అదే నేల మీద ఉరికాయి. దొనకొండలోనూ, తాడేపల్లిగూడెంలోనూ యుద్ధంనాటి రన్‌వేలున్నాయి. మనవాళ్లకు ఆ ఆలోచన రాలేదు, అంతే.

2. ప్లగ్గు చదవడం వచ్చాకే స్పీడు.
రన్‌వే మీద యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి చాలాసేపు పట్టుకోవాలి. ఊళ్లో బాగా నడిచే టూ స్ట్రోక్ బండి అక్కడ సీజైపోయేది. అందుకని ప్రాక్టీసులో ఫుల్ స్పీడు మీదున్నప్పుడే క్లచ్ పట్టి, అదే క్షణంలో ఇంజిన్ ఆపేయమనేవాళ్లం. బండి దొర్లుకుంటూ వచ్చి ఆగగానే వేడివేడి స్పార్క్ ప్లగ్గు విప్పి కొన చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, ఇంకాస్త నడిపితే పిస్టన్‌కు చిల్లు. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది, బండి లాగదు. కాల్చిన బిస్కట్ రంగుంటే కార్బురేటర్ మూత పెట్టేయొచ్చు. ఇంజిన్ ఆపకుండా నెమ్మదిగా షెడ్డు దాకా నడుపుకొచ్చారా, ఆ రంగు మారిపోతుంది, చూసినా దండగే. పొద్దున చల్లగాలికి సరిపోయిన, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ మధ్యాహ్నం ఎండకు పెద్దదవుతుంది. జేబులో నాలుగు సైజులు పెట్టుకోని మెకానిక్‌ను నేను మెకానిక్ అనను. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తోంది. చేయనీయండి, కానీ అది ఏం చూసి చేస్తోందో తెలుసుకోండి.

3. దిగుమతి కారు లేకపోతే లేత్ మెషీన్ ఉండాలి.
కోయంబత్తూరులో మిల్లులు, ఫౌండ్రీలు, పంపుల కార్ఖానాలు ఉన్నాయి. ఏ భాగం కావాలన్నా పోతపోసి, తరిమెన పట్టి ఇచ్చే చేతులున్నాయి. ఆ ఊరి కరివర్ధన్ 1980ల చివర్లో ఒక తెలివైన పని చేశాడు. అందరింటి మారుతి 800లోని 796 సీసీ ఇంజిన్‌తో సింగిల్ సీటర్ రేసు కారు తయారుచేశాడు. దాంతో రేసింగ్ మధ్యతరగతికి కాస్త దగ్గరైంది. నారాయణ్ కార్తికేయన్ ఓనమాలు దిద్దింది ఆ ఫార్ములా మారుతిలోనే. 2005లో అతను ఫార్ములా వన్ నడిపిన తొలి భారతీయుడయ్యాడు. ఇండియానాపొలిస్‌లో నాలుగో స్థానం వచ్చిందంటే ఆ రోజు ఆరు కార్లే పరిగెత్తాయని వెక్కిరిస్తారు. ఆ ఆరింట్లో మనవాడొకడు ఉన్నాడు కదా! కరివర్ధన్ మాత్రం అది చూడలేదు, 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు ట్రాక్‌కు పెట్టింది ఆయన పేరే.

4. ర్యాలీని చిన్నచూపు చూడకండి.
నారాయణ్ తండ్రి జి.ఆర్. కార్తికేయన్ సౌత్ ఇండియా ర్యాలీని ఏడుసార్లు గెలిచారు. బెంగళూరులో తయారైన ఫైబర్ ఒంటి సిపాని డాల్ఫిన్ కారును జనం మర్చిపోయారు గానీ, తేలికగా ఉండే ఆ బండంటే ర్యాలీవాళ్లు పడిచచ్చేవాళ్లు. 2024 డకార్ ర్యాలీలో ర్యాలీ 2 విభాగం గెలిచిన హరిత్ నోవాది కేరళలోని షోరనూర్.

5. ఒక్కరోజు పండగతో రేసర్లు పుట్టరు.
మద్రాసు క్లబ్బు 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల సొంత ట్రాక్ వేసుకుంది. నాయకులు మారినా అది అక్కడే ఉంది. హైదరాబాద్ సంగతి చూడండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పోటీ ఫార్ములా ఈ జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, ఊరంతా ఫొటోలు దిగింది. ఆ ఏడు చివర్లో ప్రభుత్వం మారింది, మరుసటి ఏడు రేసు రద్దయింది. తెచ్చినవాళ్లూ, వద్దన్నవాళ్లూ లెక్కల గురించే వాదులాడుకున్నారు. కుర్రాళ్లు ప్రాక్టీసు చేసుకోవడానికి ఏం మిగిలిందని మాత్రం ఎవరూ అడగలేదు. మిగిలింది నెక్లెస్ రోడ్డు ట్రాఫిక్కే! వీధి రేసు చెన్నైలోనూ 2024లో, అదీ రాత్రిపూట, ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ జరిగింది. అయితే అక్కడి పిల్లలకు మర్నాటి నుంచి వెళ్లడానికి ఒక ట్రాక్ ఉంది.

6. లైసెన్సు ముందు, సైలెన్సర్ తర్వాత.
పోటీకి దిగాలంటే ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా ఇచ్చే లైసెన్సు కావాలి. హెల్మెట్, సూటు, గ్లవ్స్, బూట్లు తనిఖీలో నెగ్గాలి. వీటికి డబ్బు లేకపోతే ఒక ఏడాది ఆగండి, ఈలోగా మెకానిక్ పని నేర్చుకోండి. అర్ధరాత్రి రింగ్ రోడ్డు మీద పందేలు కాసేవాళ్ల బళ్లు మా షెడ్డులో ట్యూన్ చేయం. ఎంతిస్తామన్నా సరే, చేయం.