రేడియోధార్మిక పదార్థములను మోయు పెట్టెలు

మొన్నటి సంవత్సరము 9వ తరగతివారికి పరమాణువును గూర్చి పాఠము చెప్పుచుండగా, వెనుకబల్లనుండి యొక బాలుడు లేచి, "సార్, ఆ పదార్థమును లారీలో తీసికొనిపోవునపుడు లారీ బోల్తాపడినచో ఏమగును?" అని యడిగెను. గంట కొట్టు వేళ యగుటచే మేము "పెట్టె గట్టిది, భయములేదు" అని చెప్పి వానిని కూర్చుండబెట్టితిమి. ఇంటికి పోయిన పిమ్మట ఆ జవాబు మాకే రుచింపలేదు. గట్టిదని యెవరు పరీక్షించిరి? ఎట్లు పరీక్షించిరి? క్రొత్తగా నున్నపుడు గట్టిదైన పెట్టె యిరువది యేండ్ల తరువాతను గట్టిదేయని యెట్లు తెలియును? ఆ బాలునికి మేము పడిన బాకీని ఈ వ్యాసముచే తీర్చుచున్నాము.

మొగుళ్లపల్లి వంటి పల్లెకును ఈ పదార్థములకును సంబంధమేమని కొందరు తల్లిదండ్రులు తలంపవచ్చును. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియపు గని యున్నది. అచ్చట రాతినుండి తీసిన యురేనియపు పొడి డ్రమ్ములలో హైదరాబాదునందలి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సునకు వచ్చును. 1971లో స్థాపింపబడిన ఆ కర్మాగారమునుండి యింధనపు కట్టలు రాజస్థానము, గుజరాతు, కర్ణాటకములందలి అణువిద్యుత్కేంద్రములకు పోవును. పెద్ద ఆసుపత్రులకు రోగనిర్ణయార్థమును చికిత్సార్థమును చిన్న పెట్టెలలో మందులు వచ్చును. మన చెల్పూరు విద్యుత్కేంద్రము వంటివానిని కట్టునపుడు ఆవిరిగొట్టముల అతుకులలో లోపమున్నదేమో చూచుటకు గామాకిరణములతో ఛాయాపటములు తీయుట వాడుక. అందుకు కావలసిన ఇరిడియపు బిళ్లను చేతితో మోయదగిన బరువైన పెట్టెలో నుంచి తెచ్చెదరు. కావున ఈ పెట్టెలు మనమెరుగకయే మన బాటలలో పోవుచుండును.

అన్ని పెట్టెలును ఒక్క తీరుగ నుండనక్కరలేదు. యురేనియపు పొడి నుండి వెలువడు కిరణములు బలహీనములు. అది ధూళియై ఊపిరితో లోనికి పోకుండుటయే ముఖ్యము. దానికి మూత బిగువుగ నున్న యుక్కు డ్రమ్ము చాలును. ఆసుపత్రికి పోవు మందుపెట్టెను త్రోవలో సామాన్యముగ జరుగు మోటు వాడుకకు తట్టుకొనునట్లు చేసెదరు. దానిని "ఏ" తరగతి పెట్టె యందురు. లోనున్నది బయటపడినచో ప్రాణాపాయము కలుగునంతటి దైనపుడు మాత్రము ఘోర ప్రమాదమునకును తాళునట్టి "బీ" తరగతి పెట్టె కావలెను. ఈ విభాగములను అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నియమించినది. ఆ సంస్థ తన రవాణా నిబంధనలను మొదటిసారి 1961లో ప్రకటించెను. మనదేశమున ఈ విషయమును అణుశక్తి నియంత్రణ మండలి చూచుచుండును.

"ఏ" తరగతి పెట్టె పరీక్షలు మన యింటి అనుభవమునకు దగ్గరగ నున్నవి. గంటకు 5 సెంటీమీటర్ల వాన కురిసినట్లు ఒక గంటసేపు దానిపై నీరు చల్లుదురు. చిన్న పెట్టెయైనచో 1.2 మీటర్ల యెత్తునుండి, అనగా లారీ తొట్టి యెత్తునుండి, జారవిడుతురు. దాని బరువునకు 5 రెట్ల బరువును 24 గంటలు దానిపై మోపుదురు. 6 కిలోల ఇనుపకడ్డీని మీటరు ఎత్తునుండి దానిపై నిలువున పడవేయుదురు. వాన, కూలివాని చేయి జారుట, గోదాములో పేర్పు, మొనగల వస్తువు తగులుట - ఈ నాలుగును ప్రతి మూటకును సంభవించునవే గదా!

"బీ" తరగతి పరీక్షలు వేరు. మొదట పెట్టెను 9 మీటర్ల యెత్తునుండి క్రింద పడవేయుదురు. పడుచోట ఏమాత్రమును లొంగని నేల యుండవలెను. అనగా గొప్ప కాంక్రీటు దిమ్మెపై బిగించిన దళసరి యుక్కు పలక. పిమ్మట అదే పెట్టెను 15 సెంటీమీటర్ల వ్యాసముగల నిలువు ఉక్కు కడ్డీపై మీటరు ఎత్తునుండి పడవేయుదురు. ఎటుపడిన నెక్కువ చెరుపు కలుగునో అటే పడునట్లు చూతురు. అట్లు దెబ్బతిన్న పెట్టెనే 800 డిగ్రీల మంటలో 30 నిమిషములుంచుదురు. నీటిలో 15 మీటర్ల లోతున 8 గంటలు ముంచు పరీక్షయు కలదు.

ఇచ్చట పై తరగతుల విద్యార్థులు లెక్క వేయవలెను. 9 మీటర్ల యెత్తునుండి పడిన వస్తువు నేలను తాకునపుడు దాని వేగము సెకనుకు సుమారు 13.3 మీటర్లు, అనగా గంటకు 48 కిలోమీటర్లు. "లారీలు అంతకంటె వడిగ పోవునే, ఇది యేమి పరీక్ష?" అని మీరడుగవచ్చును. కిటుకు వేగమునందు లేదు, నేలయందున్నది. బాటపై ఢీకొన్న లారీ నుగ్గగును, మట్టి క్రుంగును, గోడ పగులును. దెబ్బలో పెద్ద భాగమును అవియే మ్రింగివేయును. లొంగని పలకపై పడిన పెట్టె ఆ దెబ్బనంతయు తానొక్కటే భరింపవలెను. కుండను ఇసుకలో పడవేయుటకును బండపై పడవేయుటకును ఎంత భేదమో మీరెరుగుదురు.

అయినను ప్రజలకు లెక్కలు చూపిన నమ్మకము కుదురదు. 1984 జూలై 17న ఇంగ్లండునందు ఓల్డ్ డాల్బీయను చోట, వాడిన అణుయింధనమును మోయు పెట్టెను రైలుపట్టాలకు అడ్డముగ నుంచి, మూడు పెట్టెల బండిని గంటకు 160 కిలోమీటర్ల వేగమున దానిపైకి పంపిరి. ఇంజను తునకలాయెను. పెట్టెలోపల ముందుగ నింపిన ఒత్తిడి మిక్కిలి స్వల్పముగ మాత్రమే తగ్గెను. ఇంజనీర్ల లెక్కలో 9 మీటర్ల పరీక్షయే దీనికంటె కఠినమైనది. కాని జనులు జ్ఞాపకముంచుకొన్నది రైలును.

మంటను గూర్చి యొక్క మాట. కిరణముల నాపుటకు పలుపెట్టెలలో సీసము పోయుదురు. సీసము 327 డిగ్రీలకే కరగును. 800 డిగ్రీల మంటలో అది కరగి కారిపోయినచో కిరణములకు దారి యేర్పడును. అందుచే సీసమును రెండు ఉక్కుగోడల నడుమ బంధించి, బయట వేడిని మెల్లగ మాత్రమే పోనిచ్చు పొరను చేర్చుదురు.

ఇంతవరకు చెప్పినది క్రొత్త పెట్టె కథ. మాకు ముఖ్యముగ తోచినది ఇక ముందున్నది. పైన చెప్పిన పరీక్షలు ఒక నమూనాకు చేయబడునవి. ఆ నమూనా నుగ్గునూచమై తన పని తీర్చుకొనును. దాని పోలికను చేసిన తోబుట్టువులు మాత్రమే బాటపై తిరుగును. అవి యేండ్లతరబడి ఎండకు ఎండి, వానకు తడిసి, లారీలలో కుదుపులు తిని ముసలివగుచుండును. పరీక్షలో నెగ్గినది రూపము. బాటపై నున్నది వ్యక్తి.

ఈ సంగతి బోధించుటకు మేము తరగతిలో కుక్కరు రబ్బరును వాడితిమి. ఒక బాలిక తన యింటినుండి పాతదానిని తెచ్చెను. మేము అంగడిలో క్రొత్తదానిని కొంటిమి. క్రొత్తదానిని వ్రేళ్లతో నొక్కి విడిచినచో వెంటనే యథాస్థితికి వచ్చెను. పాతది నొక్కబడినట్లే పలకబారి యుండెను. వంచగా సన్నని పగుళ్లు కనబడెను. "మా అమ్మ ఈల రావడము లేదని దీనిని తీసివేసినది సార్" అని ఆ బాలిక చెప్పెను. అణుపెట్టెల మూతక్రింద నుండునదియు ఇట్టి రబ్బరు చుట్టయే. వేడికిని, కిరణములకును, ఏండ్ల యొత్తిడికిని అది తన సాగుగుణమును గోల్పోవును. కుక్కరు ఈల వేయక మనకు తెలుపును. ఆ పెట్టె ఏ చప్పుడును చేయదు. అందువలననే మూత బిగించిన పిమ్మట గాలి కారుచున్నదేమో పరికరములతో పరీక్షింతురు. గడువు తీరిన చుట్టలను, బాగుగ కనబడుచున్నను, మార్చివేయుదురు.

చెడునది రబ్బరొక్కటియే కాదు. మరలు మాటిమాటికి బిగించి విప్పుటచే అలసిపోవును. దెబ్బను మ్రింగుటకై చివరల నుంచిన కొయ్యయో నురుగో తేమను పీల్చి మెత్తబడును. రంగుక్రింద తుప్పు దాగియుండును. కుదుపులకు సీసము క్రిందికి దిగి పైన ఖాళీ యేర్పడవచ్చును గనుక, లోపల గామాకిరణపు బిళ్లనుంచి బయట చుట్టును కొలిచి చూతురు. 2018లో ప్రకటింపబడిన అంతర్జాతీయ నిబంధనలలో, పెట్టెను రూపొందించునపుడే ముసలితనమును లెక్కలోనికి తీసికొనవలెనని స్పష్టముగ చేర్చిరి. మొదటి నిబంధనలు వచ్చిన 57 ఏండ్లకు! ఇంత యాలస్యమేలయని మాకు తోచినది గాని, పెట్టెలు ముసలివైననే గదా ముసలితనపు జబ్బులు తెలియుట.

ఇంకొక విశేషమును గమనింపుడు. పెట్టెకొక వయస్సు, లోని పదార్థమునకొక వయస్సు. ఆసుపత్రికి పోవు మాలిబ్డినము 66 గంటలకు సగమగును. దానికంటె పెట్టెయే చిరంజీవి. ఇరిడియము 74 దినములకు సగమగును. కావున బిళ్లను మార్చుచుందురు, పెట్టె మాత్రము ఏండ్లు పనిచేయును. బిళ్ల ప్రతిసారి వెలికి వచ్చి లోనికి పోవు సన్ననిత్రోవ అరుగుచుండును. యురేనియమునకో, సగమగుటకు 450 కోట్ల యేండ్లు కావలెను. డ్రమ్ము తుప్పుపట్టి మన్నైనను అది అట్లే యుండును. ఈ రెండు వయస్సులలో ఏది ముందు తీరునో తెలిసికొనుటయే ఈ శాస్త్రములో సగము.

ఆ లెక్క తప్పినచో ఏమగునో 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుప బజారున తెలిసెను. ఒక ప్రయోగశాలలో 1985 నుండి వాడుకలేక పడియున్న కోబాల్టు యంత్రము వేలములో పాతసామానుగ అమ్ముడుపోయెను. అందలి సీసమునకు ధర పలుకును గనుక పనివారు దానిని విప్పిరి. కోబాల్టు 5.27 ఏండ్లకు సగమగును. ఆ 25 ఏండ్లలో అది సుమారు 27వ వంతునకు తగ్గియుండెను. ఆ మిగిలిన భాగమే యొక పనివాని ప్రాణము తీసి, మరికొందరిని ఆసుపత్రి పాలుచేసెను. పెట్టె పగులలేదు, బోల్తాపడలేదు. అది దేనిని దాచుచున్నదో యెరిగినవారు లేకపోయిరి, అంతే.

వెనుకబల్ల బాలునికి మేమిప్పుడు చెప్పదగిన జవాబు ఇది: లారీ బోల్తాపడినను, బాగుగ చూచుకొనబడిన పెట్టె లోనిదానిని విడువకుండునట్లే చేయబడినది, మేము భయపడునది ఎవరును చూచుకొనని పెట్టెను గూర్చియే. మన యూరికిని పాత ఇనుప సామాను కొనువారు వచ్చుచుందురు. కావున తల్లిదండ్రులును పిల్లలును ఈ గుర్తు నెరిగియుండవలెను: పసుపుపచ్చని నేలపై నడుమ నొక నల్లచుక్క, దానిచుట్టు పంకారెక్కలవలె మూడు నల్లరెక్కలు. ఈ గుర్తున్న పెట్టె గాని, చూపునకు చిన్నదై యెత్తబోయిన అత్యంత బరువుగ నున్న సీసపు కుండ గాని యెక్కడనైన కనబడినచో తాకవలదు, విప్పవలదు, ఇంటికి తేవలదు; దూరముగ నిలిచి, ఇతరులను చేరనీయక, పెద్దలచే 112కు ఫోను చేయింపవలెను. ఆ గుర్తును 8వ తరగతివారు పెద్దపటముగ వ్రాసి విజ్ఞానశాల తలుపునకు అంటించియున్నారు. వార్షికోత్సవమునకు వచ్చు తల్లిదండ్రులు చూడవచ్చును.