యుద్ధము ముగిసిన పిమ్మట: మాజీ సైనికుల నొప్పి, నిద్రలేమి, మనోవ్యథలకు మానసిక చికిత్స

యుద్ధచరిత్రలయందు మనము జయాపజయములను, సంధిపత్రములను, మృతుల సంఖ్యను చదువుచుందుము. ప్రాణములతో నింటికి మరలి వచ్చిన సైనికుడు పిమ్మట నెట్లు జీవించెనో ఆ గ్రంథములు అంతగా చెప్పవు. గాయము మానినను నొప్పి మానని వారు, తుపాకుల మ్రోత అణగినను రాత్రులు నిద్ర పట్టని వారు, కన్నులు మూసినంతనే గతించిన మిత్రులను గాంచి ఉలికిపడి లేచువారు ప్రతి దేశమందును కలరు. మన విద్యార్థుల కుటుంబములలోను సైన్యమున పనిచేసి వచ్చిన తాతలు, తండ్రులు, మేనమామలు ఉన్నారు. కావున వారి బాధను గూర్చియు, దానికి మాటలచేతను అభ్యాసముచేతను జరుగుచున్న చికిత్సను గూర్చియు మన బాలబాలికలు తెలిసికొనుట యవసరమని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

పిరికితనము కాదు, వ్యాధి

1914లో ప్రారంభమైన మొదటి ప్రపంచ యుద్ధమున, శరీరమున గాయము లేకయే కొందరు సైనికులు మూగవోయిరి. కొందరికి చూపు పోయెను. కొందరు నిలువెల్ల వణకిరి. చార్లెస్ మైయర్స్ అను ఆంగ్ల వైద్యుడు 1915లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు దీనిని గూర్చి వ్రాయుచు షెల్ షాక్ అను పదమును వాడెను. ఫిరంగిగుండు ప్రేలుటచే మెదడు అదరి యీ స్థితి కలుగునని తొలుత పలువురు తలచిరి. గుండు ప్రేలిన చోటికి దూరముగా నున్నవారికిని ఇదే వ్యాధి సోకగా ఆ యూహ నిలువలేదు.

సేనాధికారులలో పెక్కుమంది దీనిని పిరికితనమనియే యెంచిరి. పలాయనము, పిరికితనము మొదలగు నేరములకై ఆ యుద్ధకాలమున కాల్చివేయబడిన 306 మంది బ్రిటిష్ సామ్రాజ్య సైనికులకు బ్రిటిష్ ప్రభుత్వము 2006లో మరణానంతర క్షమాభిక్ష నొసగెను. మనోవ్యాధిగ్రస్తులును వారిలో నుండిరి. వ్యాధిని నేరమని పిలిచిన తప్పును దిద్దుకొనుటకు సుమారు తొంబది సంవత్సరములు పట్టెను.

నీలగిరుల నెరిగిన వైద్యుడు

ఆ దినములలోనే వేరు మార్గమును పట్టినవాడు డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్. ఈయన పేరు మనకు పూర్తిగా క్రొత్తది కారాదు. 1901-02లో మన రాష్ట్రమందలి నీలగిరులకు వచ్చి, తోడలతో మెలగి, వారి ఆచారములను గూర్చి 1906లో పెద్ద గ్రంథమును ప్రకటించినవాడు ఈయనయే. యుద్ధకాలమున స్కాట్లండు దేశమునందు ఎడింబరో చెంతనున్న క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆస్పత్రిలో ఈయన సైనికాధికారులకు చికిత్స చేసెను. సీగ్‌ఫ్రీడ్ ససూన్ అను కవి 1917లో ఈయన యొద్దనే చికిత్స పొందెను.

ఆ రోగులకు లోకులిచ్చుచుండిన సలహా యొక్కటియే: జరిగినదానిని మరచిపొండు, తలపునకు రానీయకుడు. రివర్స్ 1918లో ప్రకటించిన వ్యాసమున ఇందుకు విరుద్ధముగా వాదించెను. పగలెల్ల అణచిపెట్టిన జ్ఞాపకము రాత్రి కలయై మీద పడుననియు, దానిని మెల్లగా ఎదుర్కొని అందు ఓర్చుకొనదగిన అంశము నొకదానిని కనుగొనుట మేలనియు ఆయన మతము. ఒక యధికారి తన మిత్రుని వెదకబోయి అతని దేహము ముక్కలై యుండుట గాంచెను. నాటినుండి రాత్రులు అదే దృశ్యము కలలో వచ్చుచుండెను. దేహమట్లు ఛిన్నమైనదనగా మరణము తత్‌క్షణమే సంభవించినదనియు, మిత్రుడు బాధ యనుభవింపలేదనియు రివర్స్ అతనికి బోధించెను. తరువాత వచ్చిన కలలో ఆ యధికారి మిత్రుని చెంత మోకరిల్లి, బంధువులకు పంపుటకై అతని వస్తువులను భద్రపరచుచుండెను. మునుపటి భీతి లేకుండెను. అట్టి యూరట నిచ్చు అంశమేదియు దొరకని రోగియు నొకడుండెనని రివర్స్ అదే వ్యాసమున దాచక వ్రాసెను.

తలపును ఎదుర్కొనుట

అమెరికా దేశపు సైనికులు వియత్నాము యుద్ధమునుండి తిరిగి వచ్చిన తరువాత ఈ వ్యాధి మరల వైద్యుల దృష్టికి వచ్చెను. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము దీనికి పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అను పేరిడి తన వ్యాధుల పట్టికలో చేర్చెను. ఆఘాతానంతర మనోవ్యాధి యని మనము చెప్పుకొనవచ్చును.

ఇందు భయము ఎట్లు నిలిచియుండునో గ్రహింపవలెను. ఇరాకు దేశమున బాటప్రక్కనున్న చెత్తకుప్పలలో శత్రువులు బాంబులను దాచుచుండిరి. అక్కడ పనిచేసిన సైనికుడు స్వదేశమున వీధిలో సంచి యొకటి పడియుండుట చూచినను గుండె కొట్టుకొనగా ప్రక్కదారి పట్టును. ప్రాణము కుదుటపడును. కాని ఆ సంచిలో నేమియు లేదని తెలిసికొను అవకాశము అతనికి లేకపోయెను. మరునాడు మరి రెండు వీధులు వర్జ్యములగును. కొన్నాళ్లకు ఇల్లు కదలడు. పామని భ్రమించిన త్రాటిని దీపము వెలుగున చూడనిచో, అది ఎల్లకాలము పామై యుండుట వంటిదే యిది.

ఎడ్నా ఫోవా అను మనస్తత్త్వవేత్త రూపొందించిన చికిత్సలో రోగి ఆ దీపమును మెల్లగా తానే చేతబట్టును. జరిగిన ఘోరమును వైద్యుని యెదుట పలుమారులు వివరించును. భయపడి మానుకొన్న క్షేమకరములగు స్థలములకు క్రమక్రమముగా పోవును. ప్యాట్రీషియా రెసిక్ రూపొందించిన మరియొక పద్ధతి సామాన్యముగా పండ్రెండు సమావేశములలో జరుగును. 'నా వలననే నా తోడివాడు మరణించెను' వంటి తీర్పులను రోగి కాగితముపై పెట్టి, దానికి సాక్ష్యమేమి, ఆ క్షణమున తనకు నిజముగా తెలిసినదేమి యని తానే విచారించును. ఈ రెండు పద్ధతులును తొలుత అత్యాచారమునకు గురియైన స్త్రీల చికిత్సకై పెంపొందినవి. తరువాత సైనికులకు ఉపయోగపడెను. కన్నుల కదలికతో కూడిన ఇ.ఎం.డి.ఆర్. అను పద్ధతిని ఫ్రాన్సీన్ షపీరో 1989లో ప్రకటించెను. అమెరికా మాజీ సైనికుల శాఖయు రక్షణ శాఖయు కలిసి 2023లో వెలువరించిన మార్గదర్శకములు ఈ మూడు చికిత్సలను మందులకంటె ముందు నిలిపినవి.

నిద్రను మరల నేర్చుట

ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన పెద్దలందురు. నిద్రలేమి గలవానికి హంసతూలికాతల్పమును ప్రయోజనము లేనిదే. యుద్ధభూమిలో రాత్రి మేలుకొనియుండుట ప్రాణరక్షణము. ఇంటికి వచ్చిన పిమ్మటను ఆ యలవాటు పోదు. సైనికుడు లేచి తలుపు గడియలను మరల మరల పరీక్షించును. నిద్ర చాలలేదని ముందుగా పరుండును, ఆలస్యముగా లేచును, పగలు కునుకు తీయును. ఇవి యన్నియు నిద్రను మరింత చెరచును.

రిచర్డ్ బూట్జిన్ 1972లో చెప్పిన నియమములు సులభములు. నిద్ర ముంచుకొని వచ్చినప్పుడే పరుండవలెను. కొంతసేపటికి పట్టనిచో లేచి వేరు చోట కూర్చుండవలెను. పడకను నిద్రకే యుంచవలెను. ప్రతిదినము ఒకే వేళకు లేవవలెను. ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో మరియొక నియమమును చేర్చెను. దానిని లెక్కగా చూతము. ఒకడు తొమ్మిది గంటలు పడకపై నుండి అయిదున్నర గంటలే నిద్రించుచున్నాడనుకొనుడు. పడకపై గడపిన కాలములో నూటికి 61 వంతులే నిద్ర. అతనిని రాత్రి పండ్రెండు గంటలకు పరుండి ఉదయము అయిదున్నరకు లేవుమందురు. కొలది దినములలో నిద్ర గాఢమగును. అది నూటికి 85 వంతులు దాటిన పిమ్మట పడక కాలమును పదునైదు నిమిషముల చొప్పున పెంచుచు పోవుదురు. తొలి వారములలో పగటి మగత హెచ్చగును గనుక వాహనములు నడుపువారును, మూర్ఛవ్యాధి గలవారును దీనిని స్వయముగా చేయరాదు. వైద్యుని పర్యవేక్షణము తప్పక యుండవలెను. దీర్ఘకాల నిద్రలేమికి మందులకంటె ముందుగా ఇట్టి చికిత్సనే యొసగవలెనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసెను.

నొప్పి కల్పితము కాదు

నొప్పికి మానసిక చికిత్స యనగానే 'నా నొప్పి అబద్ధమందురా?' యని రోగి కోపించుట సహజము. అట్లుకాదు. 1944లో ఇటలీ దేశపు ఆంజియో తీరమున హెన్రీ బీచర్ అను అమెరికా వైద్యుడు గాయపడిన సైనికులను పరిశీలించెను. తీవ్రముగా గాయపడినవారిలో దాదాపు నాలుగింట మూడు వంతులమంది నొప్పిమందు కోరకుండిరి. యుద్ధభూమినుండి ప్రాణములతో బయటపడితిమను భావము వారి నొప్పిని తగ్గించెనని ఆయన యభిప్రాయము. 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికి ద్వారము వంటి యేర్పాటు కలదనియు, మెదడునుండి వచ్చు సంకేతములు దానిని మూయను తెరువను గలవనియు ప్రతిపాదించిరి. అనగా గాయము శరీరమున నున్నను, నొప్పి తీవ్రతను భయము, చింత, నిద్రలేమి పెంచును. ధైర్యము, వ్యాపకము తగ్గించును.

ఈ చికిత్సలో ముఖ్యమైనది పనికి కొలత నేర్పుట. నడుమునొప్పి గల మాజీ సైనికుడు బాగున్న నాడు తోటయంతయు త్రవ్వి, తరువాత మూడు దినములు మంచము పట్టును. నొప్పి వచ్చువరకు పనిచేయుట మాని, గడియారమును చూచి ఇరువది నిమిషములు పని, పది నిమిషములు విశ్రాంతి యను క్రమమును అతనికి నేర్పుదురు. కండరములను సడలించు అభ్యాసమును, 'ఇక నేనెందుకును పనికిరాను' అను తలపును పరీక్షించుటను చేర్పుదురు. మిన్నియాపొలిస్ ప్రాంతపు మాజీ సైనికుల ఆస్పత్రులలో 240 మందిపై జరిగిన పరిశోధన 2018లో వెలువడెను. దీర్ఘకాలపు నడుము, మోకాలు, తుంటి నొప్పులకు నల్లమందు జాతి మందులు సామాన్య ఔషధములకంటె మేలు చేయలేదని అందు తేలెను. మాత్రకు మించిన మార్గములను వెదకవలసిన యవసరము దీనివలన స్పష్టమగును.

మూడు ముడుల త్రాడు

ఈ మూడు బాధలును వేర్వేరు కావు. నొప్పి నిద్రను చెరచును. నిద్ర లేని మరునాడు నొప్పి ద్విగుణమైనట్లు తోచును. నొప్పి కలిగినప్పుడెల్ల అది కలిగిన దినము తలపునకు వచ్చును. ఆ తలపు రాత్రి కలయగును. కలకు వెరచి నిద్రకే వెరచును. ఆ వెరపును అణచుటకు మద్యమును త్రాగినచో నిద్ర మరింత చెడును. కావున ఒక ముడి విప్పిన తక్కినవియు కొంత వదులగుట కలదు.

అయినను ఇవి మంత్రములు కావు. సైనికులపై జరిగిన పరిశోధనలను సమీక్షించి 2015లో ప్రకటింపబడిన వ్యాసము ప్రకారము, పైని మొదటి రెండు చికిత్సలను పొందినవారిలో సుమారు సగమునకు మించి గుర్తింపదగిన మేలు పొందిరి. కాని మూడింట రెండు వంతులమందికి చికిత్స తరువాతను వ్యాధి నిలిచియుండెను. నడుమ మానివేయువారును కొందరు కలరు. మేలు పూర్తిగా కలుగకున్న తప్పు రోగిది కాదని యింటివారు గ్రహింపవలెను.

మన కర్తవ్యము

నీలగిరులలోని వెల్లింగ్టన్ పట్టణమున మదరాసు రెజిమెంటు శిక్షణకేంద్రము కలదు. అందు తెలుగువారును చేరి పనిచేసిరి, చేయుచున్నారు. మాజీ సైనికుల వైద్యమునకై కేంద్రప్రభుత్వము 2003లో ప్రత్యేక పథకమును నెలకొల్పెను. 2022లో ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి ఎవరైనను తెలుగులోను మాటలాడవచ్చును.

తెలుగులో ననుట ఊరక చెప్పలేదు. ఈ చికిత్సలన్నిటికిని మాటయే సాధనము. నొప్పిని చెప్పుటకు మన భాషలో పోటు, సలుపు, మంట, తీపు, తిమ్మిరి అని వేర్వేరు మాటలు కలవు. ఒక్కొక్కటి యొక్కొక్క బాధను తెలుపును. వైద్యునికి తెలుగు రాదు, ముదుసలి సైనికునికి తమిళము చాలినంత రాదు. అప్పుడు రోగి 'నొప్పి' యని యొక్క మాట చెప్పి యూరకుండును. వైద్యుడు మాత్ర వ్రాసి పంపును. విద్యార్థులారా! మీకు రెండు భాషలును వచ్చును. ఆస్పత్రికి పోవు తాతగారి వెంట పొండు. ఆయన చెప్పినది చెప్పినట్లు వైద్యునికి విన్నవింపుడు. స్వంతముగా కలుపకుడు, సిగ్గుపడి విడువకుడు. ఆయన ఒంటరిగా చెప్పదలచినచో బయట కూర్చుండుడు.

ఇంటియందు ఆయన వెనుకనుండి హఠాత్తుగా తట్టి లేపకుడు. పేరుపెట్టి మెల్లగా పిలువుడు. యుద్ధకథలు చెప్పుమని వేధింపకుడు. చెప్పినప్పుడు నడుమ లేచి పోకుడు. పిచ్చి యనియు, పిరికి యనియు ఎన్నడును అనకుడు. ఆ మాట ఒకప్పుడు మనుష్యుల ప్రాణములను తీసెనని పైన చదివితిరి గదా.