నక్షత్రములే మార్గదర్శులు: హవాయి ద్వీపముల నావికా సంఘము

భూగోళ పటమున పసిఫిక్ మహాసముద్రమును చూచినచో, అందలి ద్వీపములు నీలి వస్త్రముపై చల్లిన ఆవగింజలవలె గానవచ్చును. ఒకదానికి మరియొకటి వందలకొలది, వేలకొలది మైళ్ల దూరము. అయినను ఐరోపా నావికులు అచటికి పోవునప్పటికే ఆ ద్వీపములలో జనులు నివసించుచుండిరి. వారికి దిక్సూచి లేదు; పటము లేదు; పడవలకు మేకు కొట్టుటకు ఇనుమైనను లేదు. మరి వారచటి కెట్లు చేరిరి? ఈ ప్రశ్నకు పుస్తకముతో గాక పడవతో ప్రత్యుత్తర మిచ్చిన యొక సంఘమును గూర్చియు, అందు పాటుపడిన వారిని గూర్చియు మేమీ వ్యాసమున వ్రాయ నుద్దేశించితిమి.

సంఘముయొక్క పుట్టుక

1947లో థోర్ హెయెర్డాల్ అను నార్వే దేశీయుడు కోన్-టికి యను తెప్పపై దక్షిణ అమెరికానుండి బయలుదేరి, 101 దినములు గాలిని, ప్రవాహమును నమ్ముకొని పోయి పసిఫిక్ ద్వీపమొకదానిని చేరెను. ఆ ద్వీపముల తొలిప్రజలు అమెరికానుండి అట్లే వచ్చిరని యాతని వాదము. 1956లో ఆండ్రూ షార్ప్ అను న్యూజిలండు పండితుడు, ప్రాచీనులు దూరద్వీపములకు తెలిసి పోలేదనియు, దారి తప్పిన పడవలే యచట తగిలినవనియు వ్రాసెను. ఈ రెండు వాదములును వేరైనను, వాని సారమొకటే: ఆ ద్వీపవాసుల పూర్వులకు నావికా విద్య లేదనుట.

ఈ మాట హవాయి ప్రజలకు మిక్కిలి బాధాకరము. వారి రాజ్యము 1893లో కూలద్రోయబడెను. 1896 నాటి శాసనముచే పాఠశాలలలో బోధన యంతయు నింగ్లీషున జరుగవలసివచ్చెను. 1898లో ద్వీపములు అమెరికాలో కలుపబడెను. రాజ్యము పోయి, బడిలో భాషయు పోయిన జాతికి, నీ తాతలు కొట్టుకొనివచ్చిన వారేగాని ప్రయాణించి వచ్చిన వారు కారని చెప్పిన, ఇక మిగులునదేమి?

1973లో ముగ్గురు కూడి హొనొలులు నగరమున పాలినీషియా నౌకాయాన సంఘమును స్థాపించిరి. బెన్ ఫిన్నీ మానవశాస్త్రజ్ఞుడు. హెర్బ్ కానె చిత్రకారుడు. టామీ హోమ్స్ సముద్రక్రీడలలో నారితేరినవాడు. ఇది లాభాపేక్ష లేని సంఘము. పాతకాలపు రీతిని రెండు దోనెలను జతచేసి, మైళ్లకొలది త్రాటితో బిగించి, 60 అడుగులకు మించిన నావను నిర్మించిరి. పూర్వులవలె పెద్ద దుంగలు దొరకనందున దోనెలకు నేటి సామగ్రినే వాడిరి. ఆకారమును నడకయును మాత్రము పాతవే. 1975 మార్చి 8న దానిని నీట దించిరి. హోకూలెఅ యని పేరిడిరి. ఆనంద నక్షత్రమని యర్థము. ఆ నక్షత్రము మరేదియో కాదు, మన పంచాంగములలోని స్వాతియే.

విద్య యెరిగిన వాడు

నావ సిద్ధమైనది గాని నడపువాడు లేడు. హవాయిలో ఆ విద్య నశించి తరములు గడచెను. కావున సంఘమువారు మైక్రొనీషియాలోని సతవాల్ అను మిక్కిలి చిన్న దీవినుండి మావు పియాయిలుగ్ అను నావికుని రావించిరి. ఆతడు 1932లో జన్మించెను. శైశవమునందే యాతని తాత యాతనిని తీరమందలి నీటిగుంటలలో గూర్చుండబెట్టి, అలల కదలికను దేహముతో దెలిసికొన నేర్పెను. చిన్న రాళ్లను వలయముగా పేర్చి యే నక్షత్ర మెచట నుదయించునో, ఎచట నస్తమించునో వల్లె వేయించెను.

సతవాలులో నీ విద్య వంశ రహస్యము. పరులకు చెప్పరాదని కట్టుబాటు. కాని యాతని దీవిలో యువకులు క్రొత్త చదువులకు, యంత్రపు పడవలకు మరలుచుండిరి. దాచినచో విద్య తనతోనే చచ్చును, చెప్పినచో నాచారభంగమగును. మావు చెప్పుటకే నిశ్చయించుకొనెను. స్వజనులలో కొంద రాతనిని నిందించిరి. అయిన నాతడు వెనుదీయలేదు.

1976 మే 1న నావ టహీటీకి బయలుదేరెను. ఆ దారిలో మావు మునుపెన్నడును ప్రయాణించి యెరుగడు. నక్షత్రము లుదయించు చోట్లను బట్టి దిక్కు, నావక్రింద పొరలు పెద్ద యలలను బట్టి మబ్బు రాత్రులందు త్రోవ, పక్షులను బట్టి భూమి సామీప్యము నాత డెరుగును. సాయంకాలమున కొన్ని జాతుల పక్షులు గూళ్లకై తీరమునకు మరలును. అవి పోవు దిక్కున నేల యుండును. జూన్ 4న నావ పపేటే రేవు చేరగా వేలాది జనులు తీరమున నిండిరి. పడవపై నొక యంత్రమును వాడలేదు. షార్ప్ వాదమునకు సముద్రమే సమాధానము చెప్పెను.

అయితే మేమిచట నొక లోపమును దాచరాదు. ఆ ప్రయాణమున నావికులలో కలహములు చెలరేగెను. వారి నడతకు నొచ్చుకొని మావు టహీటీనుండియే స్వదేశమునకు వెడలిపోయెను. తిరుగు ప్రయాణము యంత్రముల సాయమున జరిగెను. గురువును తెచ్చుకొనిరి గాని శిష్యులగుట నింకను నేర్వలేదు.

విపత్తు

1978 మార్చి 16న నావ మరల టహీటీకి బయలుదేరెను. గాలి మిక్కుటముగా నున్నను, తోడు నౌక లేకయే సాగెను. కొన్ని గంటలకే మొలొకాయి ద్వీపపు కాలువలో నావ తలక్రిందులయ్యెను. మరునాడు, వైమియా తీరమున ప్రాణరక్షకుడై యనేకులను గాపాడిన 31 సంవత్సరముల ఎడ్డీ ఐకావు, సహాయము తెచ్చుటకై యలలపై తేలు పలకమీద నొంటరిగా బయలుదేరెను. తక్కినవారు రక్షింపబడిరి. ఎడ్డీ మాత్రము తిరిగి రాలేదు.

ఇక నీ ప్రయత్నము చాలునని పలువురు తలచిరి. అప్పుడు పింకీ థామ్సన్ అను పెద్ద సంఘభారము వహించి, ప్రాణము పోయినందున పని మానరాదు, పని చేయు రీతి మార్చుకొనవలెనని నిర్ణయించెను. శిక్షణ కఠినమయ్యెను, తోడు నౌక తప్పనిసరి యయ్యెను. ఆయన కుమారుడు నైనోవా థామ్సన్ హొనొలులు గ్రహమండపమున పగలెల్ల కృత్రిమాకాశమును, రాత్రులెల్ల నిజమైన ఆకాశమును పరిశీలించెను. మావును మరల ప్రార్థింపగా, 1979లో నాతడు తిరిగివచ్చి నేర్పెను. 1980లో నైనోవా యంత్రసాయము లేక టహీటీకి పోయి, అట్లే తిరిగివచ్చెను. గురువు వెంటనుండెను.

గురుదక్షిణ

2007లో హవాయివారు తాము నిర్మించిన నావ నొకదానిని మావునకు కానుకగా గొనిపోయిరి. సతవాలున నర్ధశతాబ్దమునకు పైగా జరుగని దీక్షను జరిపి, మావు తన దీవివారితో పాటు హవాయి శిష్యు లైదుగురికి ప్రవీణ నావికుల పద మొసగెను. 2010లో నాతడు కాలధర్మము నొందెను. విద్య మాత్రము పోలేదు. 2014లో హోకూలెఅ భూప్రదక్షిణమునకు వెడలి, తెలుగువారు తరతరములుగా వసించు మారిషస్ రేవును గూడ ముట్టి, 2017 జూన్ 17న స్వస్థలము చేరెను.

ఇందు పేరు గలవారు కొందరే. త్రాళ్లు కట్టువారు, తెరచాపలు కుట్టువారు, నావను గట్టున బెట్టి నెలల తరబడి మరమ్మతు చేయువారు, వంట చేయువారు, బడిపిల్లలకు నక్షత్రములు చూపువారు అనేకులు. వారిలో పెక్కురు జీతము గోరని స్వచ్ఛంద సేవకులు. వారు లేనిచో నావ లేదు.

ఒక చిన్న యభ్యాసము

విద్యార్థులారా, జూన్ మాసారంభమున రాత్రి తొమ్మిది గంటలకు మన ఆంధ్రదేశమున మేడపైకి పోయి నడినెత్తిని చూడుడు. నారింజవన్నె గల ప్రకాశమైన తారయే స్వాతి. హవాయియు మన దేశమును భూమధ్యరేఖకు నుత్తరమున దాదాపు సమాన దూరమున నున్నందున, ఆ తార యిరుచోట్లను నడినెత్తికి జేరువగా బోవును. టహీటీ చేరువారికి నడినెత్తిన గానవచ్చునది మృగవ్యాధ తార. నావికుడు స్వాతి తలమీదికి వచ్చువరకు పోయి, అచటినుండి తూర్పునకో పడమరకో తిరిగి హవాయిని జేరును. ఇదియే యాతని పటము.

తలిదండ్రులకు మాదొక మనవి. మన రేవులలో గాలి పోకడను, నీటి పోకడను చూపుతో నెరుగు వృద్ధు లున్నారు. పొలములలో మబ్బును జూచి వాన జెప్పువా రున్నారు. వారికి చదువు లేదని మన పిల్లలు తలపకుందురు గాక. సెలవులలో వారియొద్దకు పంపి, వారు చెప్పునది వ్రాసికొని రమ్మనుడు. హవాయివారు తమ విద్య నింకొక దీవినుండి యరువు తెచ్చుకొనవలసి వచ్చెను. చెప్పుటకు మావు సమ్మతింపనిచో నదియు దొరకకుండెడిది. మనకు చెప్పువారింకను మన యింటనే యున్నారు. వారుండగనే యడుగుట మన విధి.