సెల్‌ఫోన్‌లో మన తెలుగు రాత



కామాఠీపురాకు ఆ పేరు నిజాం ఇలాకా నుంచి కట్టడం పనులకు వచ్చిన కామాఠీల వల్ల వచ్చింది. మన చాళ్లలో చదువు వచ్చినవారు ఒకరు ఊరి ఉత్తరాన్ని పదిమందికి చదివి వినిపించడం నేను చూశాను. ఇప్పుడు ఉత్తరం చోట సెల్‌ఫోన్ ఉంది. పిల్లలు అందులో తెలుగే రాస్తారు, కాకపోతే ఇంగ్లీషు అక్షరాలతో. ఊళ్లో రోజూ తెలుగు పేపరు చదివే తాతయ్య మనవడి రాత మాత్రం చదవలేడు. ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

పి, ఏ, టి, ఏ అని కొడితే అది పాటో పాతో తెలియదు. కె, ఏ, ఎల్, ఏ అంటే కలా, కళా? మరాఠీ చదివే మన పిల్లలకు ళ, ణ శబ్దాలు బడిలోనే వచ్చేశాయి. క, ఖ, గ, ఘ వరుస కూడా అదే. నేర్వవలసినవి ఆకారాలు, గుణింతాలు, వత్తులు. (వత్తుల దగ్గరే చాలామంది ఆగిపోతారు!) ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో మరాఠీ ‘క’ ఉన్న మీట మీదే తెలుగు ‘క’ ఉంటుంది.

ఒకప్పుడు ఒక కంప్యూటర్లో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంటు లేని మరో కంప్యూటర్లో పిచ్చిగీతలుగా కనిపించేది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు అక్షరాలకు విడివిడిగా సంఖ్యలు ఇచ్చారు. ‘స్త్రీ’ కంటికి ఒక్కటే, యంత్రానికి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పొల్లు ఎక్కడ కొట్టాలో తెలిస్తే వత్తు తెలిసినట్టే.

తల్లిదండ్రులకు మనవి: ఫోన్ సెట్టింగ్స్‌లో తెలుగు కీబోర్డు చేర్చండి. నోటితో చెప్పి టైపు చేయించే సౌకర్యాన్ని మొదటి ఆరు నెలలు వాడనివ్వకండి. మాటకు అర్థం కావాలంటే 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి కనుక ఇంగ్లీషు మీడియం పిల్లలకు మరీ అనుకూలం.