నేల ఉసిరిని గుర్తుపట్టడం ఎలా?

వానలు పడ్డాయి. చేను గట్ల మీద, పెరట్లో, బావి పక్కన చిన్న చిన్న మొక్కలు మొలిచాయి.

ఆ ఇంట్లో పదేళ్ల పిల్లవాడికి కళ్లు పచ్చబడ్డాయి. అన్నం సయించడం లేదు. తల్లి గట్టుకు పోయి దోసెడు మొక్కలు పీక్కొచ్చింది. అరుగు మీద కూర్చున్న అత్త ముందు పోసింది.

"అత్తా, నేల ఉసిరి తెచ్చాను. నూరి పోద్దామా?"

"ముందు పిల్లాణ్ణి ఆస్పత్రికి తీసుకుపోదాం. బస్సుకు ఇంకా గంట ఉంది. అయినా ఇవన్నీ నేల ఉసిరి కావే అమ్మాయ్!" అంటూ అత్త మొక్కలు వేరు చేయసాగింది.

ఒక కాడ తుంచింది. తెల్లని పాలు కారాయి. అది రెడ్డివారి నానబాలు. దాని ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. కాడ మీద నూగు ఉంటుంది. నేల ఉసిరిని ఎక్కడ తుంచినా పాలు రావు. ఇది అన్నిటికంటే సులువైన పరీక్ష.

మిగిలినవి మూడు రకాలు. మూడూ ఉసిరి జాతివే. వనభోజనాల ఉసిరి చెట్టు, గట్టు మీది ఈ జానెడు మొక్కా ఒకే జాతి అంటే నమ్మబుద్ధి కాదు. కాని నిజం. ఈ జాతిని శాస్త్రజ్ఞులు ఫిల్లాంథస్ అంటారు. ఆకు, పువ్వు అనే రెండు గ్రీకు మాటలు కలిసి ఆ పేరైంది.

"ఇది చూడు" అని అత్త ఒక మొక్క ఎత్తి పట్టుకుంది. నిటారుగా ఉన్న కాడకు ఆకులు లేవు. ఆకులన్నీ పక్క రెమ్మల మీదే ఉన్నాయి. రెమ్మ చూస్తే అచ్చం చింతాకులా ఉంది. రెమ్మను వెనక్కి తిప్పింది. ప్రతి ఆకు మొదట్లో ఒక చిన్న పువ్వో, కాయో వేలాడుతోంది. చింతాకుకు అలా పూలు, కాయలు ఉండవు గదా! కాయ ఆవగింజ కంటే కాస్త పెద్దది. నున్నగా ఉంది. చిన్న తొడిమ ఉంది. ఇదే అసలు నేల ఉసిరి. నమిలితే చేదు. శాస్త్రజ్ఞులు పెట్టిన అమారస్ అనే పేరుకు అర్థం కూడా చేదు అనే. పాత పుస్తకాల్లో దీన్నే నిరూరి అని రాశారు. ఆ పేరుగల అసలు మొక్క అమెరికా ఖండాలది.

రెండోది ఎర్ర ఉసిరి. రెమ్మలు అలాగే ఉంటాయి. కాడ తరచు ఎర్రగా ఉంటుంది. కాని రంగును నమ్మకూడదు, కాయను చూడాలి. ఎర్ర ఉసిరి కాయ గరుకుగా ఉంటుంది. తొడిమ లేనట్టే, రెమ్మకు అతుక్కుని ఉంటుంది. భూతద్దంలో చూస్తే గింజ మీద అడ్డగీతలు కనిపిస్తాయి. నేల ఉసిరి గింజకు నిలువు గీతలుంటాయి.

మూడోదాని పేరులో మన పాత మద్రాసు ఉంది: మదరాస్పటెన్సిస్. దీనికి కాడ మీద కూడా ఆకులుంటాయి. ఆకు మొదట సన్నగా, కొసన వెడల్పుగా ఉంటుంది. చింతాకు పోలిక ఉండదు.

"ఇంత తెలిసినదానివి, మరి ఆస్పత్రికి ఎందుకంటావు అత్తా?"

"ఎదురింటాయన నెల్లాళ్లు ఇదే నూరుకుని తాగాడు. ఆయనకు పైత్యనాళంలో రాయి అడ్డుపడిందట. ఆకుకు రాయి కరుగుతుందా? ఆలస్యంగా పోతే ప్రాణం మీదికొచ్చింది."

కామెర్లు ఒక జబ్బు కాదు, గుర్తు మాత్రమే. కలుషితమైన నీటి వల్ల రావచ్చు. హెపటైటిస్ బి వల్ల రావచ్చు. అది రక్తం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. 1988లో మద్రాసు వైద్యులు హెపటైటిస్ బి క్రిములున్న 37 మందికి నెల రోజులు నేల ఉసిరి పొడి ఇచ్చారు. 22 మంది రక్తంలో ఆ క్రిమి గుర్తు పోయిందని ప్రకటించారు. ఎంతో ఆశ కలిగింది. తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో అలాంటి ఫలితం రాలేదు. హెపటైటిస్ బి రాకుండా టీకా ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా వేయించాలి.

పిల్లవాడికి రక్తపరీక్ష చేశారు. నీటి వల్ల వచ్చిన కామెర్లని తేలింది. "విశ్రాంతి ఇవ్వండి, కాచి చల్లార్చిన నీళ్లు తాగించండి, వాంతులైనా మత్తుగా ఉన్నా వెంటనే తీసుకురండి, మాకు చెప్పకుండా ఏ ఆకూ పొయ్యకండి" అన్నారు డాక్టరమ్మ.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అరుగు మీది నేల ఉసిరి వాడిపోయింది. ఎండకు ముదురు కాయలు పగిలి, గింజలు అరుగంతా చిమ్మాయి. పిల్లవాడు కూర్చుని పగలని కాయ ఒకటి విప్పాడు. లోపల మూడు గదులు, గదికి రెండు గింజలు.