వ్యవసాయ ఇంజనీరింగు చదువు – కొలువులు, జీతములు

దుక్కి, నీటిపారుదల, నూర్పిడి, ధాన్యపు నిల్వలకు తగిన యంత్రములను, కట్టడములను సమకూర్చు విద్యయే వ్యవసాయ ఇంజనీరింగు. ఈ పట్టపు చదువు మన దేశమున 1942లో అలహాబాదునందు మొదలయ్యెను. బాపట్లయందు 1983లో కళాశాల వెలసెను. చదువు నాలుగేండ్లు.

పైరుల శాస్త్రమునకు జీవశాస్త్రము వలయును. దీనికి గణితము వలయును. కావున బిడ్డలు ఇంటరులో చేరకమున్నే ఈ భేదము నెరుగుడు.

ఇక జీతము. కృషి విజ్ఞాన కేంద్రములలో విషయనిపుణుల కొలువునకు పైపట్టము కావలెను. 2016 నాటి వేతనక్రమమున దాని ఆరంభ మూలవేతనము నెలకు 56,100 రూపాయలు. అట్టి కొలువులు కొద్ది, పోటీ హెచ్చు. ట్రాక్టరు, బిందుసేద్య కంపెనీలలో జీతము పనితనమును బట్టి పెరుగును. కొలువు దొరకకున్నను, సంఘము తరఫున యంత్రముల అద్దె కేంద్రమును నడుపవచ్చును.

జీతమొక్కటే చూచి పొలమమ్మి చదివింపకుడు. బిడ్డకు లెక్కలయందును యంత్రములయందును గల ఆసక్తిని ముందు చూడుడు.