మెయిల్లో ‘హ్యూజ్’ అని కొట్టే ముందు

క్లయింటుకు రాసే మెయిల్లోనో, అప్రైజల్ ఫారంలోనో, ఆడిట్ నోట్‌లోనో ‘హ్యూజ్’ అని కొట్టామంటే దానికి జవాబుదారీ మనమే. ఎవరో ఒకరు “అంటే ఎంత?” అని అడిగి తీరుతారు. అప్పుడు చెప్పడానికి అంకె లేకపోతే, ఆ మెయిలే కాదు, మన తర్వాతి మెయిళ్లను కూడా సగం నమ్మకంతోనే చదువుతారు. కాబట్టి ముందు అంకె దగ్గర పెట్టుకుని, తర్వాత మాట వెతుక్కోవాలి.

మనకు చిక్కు ‘భారీ’ దగ్గర మొదలవుతుంది. భారీ వర్షాలు, భారీ బడ్జెట్, భారీ గెలుపు, భారీ నష్టం, భారీ డిమాండ్... పొద్దున పేపర్ తెరిస్తే అన్నిటికీ ఇదే మాట, తెలుగులో చక్కగా నడుస్తుంది కూడా. ఇంగ్లిష్‌లో ఆ పని అంతా ఒక్క హ్యూజ్ నెత్తిన పెడితే లాగలేదు. వర్షానికి, ట్రాఫిక్‌కి, వర్క్‌లోడ్‌కి హెవీ. సినిమాకి బిగ్ బడ్జెట్. ఎన్నికల గెలుపుకి ల్యాండ్‌స్లైడ్. జీతానికి, ధరకి, రిస్క్‌కి హై. డిమాండ్‌కి స్ట్రాంగ్. ఏ మాట పక్కన ఏది కూర్చుంటుందో జంటగా గుర్తు పెట్టుకోవడం తప్ప దీనికి దగ్గరదారి లేదు.

పెద్ద మాటలకూ ఎవరి చోటు వాళ్లకుంది. వాస్ట్ అంటే విస్తృతి: వాస్ట్ నెట్‌వర్క్, వాస్ట్ మెజారిటీ. మాసివ్‌లో బరువు, తాకిడి ఉంటాయి. ఇమ్మెన్స్ ఎక్కువగా కంటికి కనిపించని వాటి పక్కన చేరుతుంది: ఇమ్మెన్స్ ప్రెషర్, ఇమ్మెన్స్ రిలీఫ్. కొలోసల్ చాలాసార్లు తిట్టు పక్కనే కనిపిస్తుంది: కొలోసల్ వేస్ట్, కొలోసల్ ఫెయిల్యూర్. ట్రెమెండస్ సేల్స్ మీటింగుల్లో అరిగిపోయింది. మన ఆఫీసుల్లో అందరికీ ముద్దొచ్చే హ్యూమంగస్ క్యాంటీన్ కబుర్లకు సరే, రిపోర్టులో వద్దు. ‘వెరీ హ్యూజ్’ అసలే వద్దు. హ్యూజ్, ఎనార్మస్ లాంటి వాటిలో ‘చాలా’ అప్పటికే ఉంది. వెరీ కావాలంటే బిగ్, లార్జ్ ముందు పెట్టుకోండి.

ఎనార్మిటీతో ఇంకా జాగ్రత్త. దాని పాత అర్థం ఘోరం, దారుణం. 2008లో ఒబామా గెలుపు ప్రసంగంలో ముందున్న పని ఎంత పెద్దదో చెప్పడానికి ఆ మాట వాడారు. వాడుక అటే జరుగుతున్నా, పాతకాలపు ఇంగ్లిష్ చదివిన పెద్దలకు ఇంకా గుచ్చుకుంటుంది. బాస్ రిటైర్మెంట్ కార్డులో ‘ఎనార్మిటీ ఆఫ్ యువర్ అచీవ్‌మెంట్’ అని రాస్తే ఆయన ఏ అర్థంలో తీసుకుంటారో మన చేతిలో ఉండదు. ‘స్కేల్’ అంటే సరిపోతుంది.

ఇక అసలు నష్టం ఎక్కడ జరుగుతుందో చూద్దాం. నైట్ సపోర్ట్‌లో ఉన్న కుర్రాడు ‘మాసివ్ పేమెంట్ అవుటేజ్’ అని సబ్జెక్ట్ పెట్టి మెయిల్ పంపాడనుకోండి. అమెరికాలో అప్పుడు మధ్యాహ్నం. పది నిమిషాల్లో బ్రిడ్జ్ కాల్, అందులో ఇద్దరు డైరెక్టర్లు. తీరా చూస్తే ఒక్క బ్యాంకు కార్డులే ఫెయిలవుతున్నాయి, మిగతావన్నీ నడుస్తున్నాయి. ఇక సమస్య పక్కకు పోయి, మాసివ్ అని ఎందుకన్నావన్న విచారణ మొదలవుతుంది. అదే మెయిల్లో “ఫలానా బ్యాంకు కార్డులతో చేసే పేమెంట్లు రాత్రి 11:40 నుంచి ఫెయిలవుతున్నాయి, ఇప్పటిదాకా 214 ట్రాన్సాక్షన్లు, మిగతా బ్యాంకులవి మామూలుగానే ఉన్నాయి” అని ఉంటే ఎవరు లేవాలో, ఎవరు పడుకోవచ్చో చదివినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. తీవ్రత చెప్పడానికి పీ-1, పీ-2 నిర్వచనాలు టీమ్‌లో ఉండనే ఉంటాయి. దీనికి తలకిందులైన తప్పూ ఉంది. భయంతో ‘స్మాల్ ఇష్యూ’ అని రాసి, తెల్లారేసరికి అది పీ-1 అయి కూర్చుంటే, ఎక్కువ చేసి రాసినవాడికన్నా ఎక్కువ చీవాట్లు తినాలి.

కొన్ని రంగాల్లో ఈ మాటలకు కొలతలు ముందే ఖరారయ్యాయి. అక్కడ మన ఇష్టం చెల్లదు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే హెవీ. 204.4 దాకా వెరీ హెవీ. అది దాటితేనే ఎక్స్‌ట్రీమ్లీ హెవీ. 90 మిల్లీమీటర్ల వానను పంట నష్టం రిపోర్టులో ఎక్స్‌ట్రీమ్లీ హెవీ అని రాస్తే, స్టేషన్ రీడింగ్ పక్కన పెట్టుకుని చూసే ఇన్సూరెన్స్ మనిషికి మీ మిగతా పేజీల మీద కూడా అనుమానమే. ఆడిట్‌లో తప్పు మెటీరియల్ (చదివేవాళ్ల నిర్ణయాన్ని మార్చగలిగేంతది) మాత్రమే అయితే ఒపీనియన్ క్వాలిఫైడ్‌తో ఆగవచ్చు. మెటీరియల్, పర్వేసివ్ (లెక్కలంతటా పాకింది) రెండూ అయితే ఆడిటింగ్ ప్రమాణం ఎస్ఏ 705 ప్రకారం అడ్వర్స్ దాకా వెళుతుంది. సీఏ ఆర్టికల్స్ చేస్తున్న కుర్రాళ్లు పర్వేసివ్‌ను వాక్యం బరువు కోసం వాడకూడదు. డేటా టీమ్‌లో సిగ్నిఫికెంట్ అంటే ‘పెద్దది’ కాదు. శాంపిల్ పెద్దదైతే అర శాతం తేడా కూడా స్టాటిస్టికల్లీ సిగ్నిఫికెంట్ కావచ్చు. వ్యాపార సంస్థల సైజుకూ ఇంతే. 2025 ఏప్రిల్ నుంచి ఎంఎస్ఎంఈల్లో మీడియం వాటికి టర్నోవర్ హద్దు 500 కోట్లు, స్మాల్ వాటికి 100 కోట్లు. 80 కోట్ల టర్నోవర్ ఉన్న చిన్న సంస్థను టెండర్ పేపర్లో ‘లార్జ్ ఎంటర్‌ప్రైజ్’ అని గొప్పకు రాస్తే, రావాల్సిన రాయితీ మీద ప్రశ్న మనమే కొనితెచ్చుకున్నట్టు.

విదేశీ క్లయింటుకు ‘లాక్స్ ఆఫ్ రికార్డ్స్’ అని కూడా రాయకండి. చాలామందికి లక్ష తెలియదు. 10 లక్షలు ఒక మిలియన్, 100 కోట్లు ఒక బిలియన్. పంపేముందు సున్నాలు ఇంకోసారి లెక్కపెట్టండి. బ్రిటిష్ వాళ్లయితే ‘క్వైట్ లార్జ్’ అన్నప్పుడు తరచుగా ‘ఓ మాదిరి పెద్దది’ అని, అమెరికన్లయితే ‘బాగా పెద్దది’ అని తీసుకుంటారు. రెండు దేశాల వాళ్లూ ఉన్న మెయిల్లో ఆ క్వైట్‌ను తీసేయడమే మేలు.

మూడేళ్ల సర్వీసుకు రెజ్యూమెలో ‘వాస్ట్ ఎక్స్‌పీరియెన్స్’ అని రాస్తే ఇంటర్వ్యూ చేసేవాడికి మొదటి ప్రశ్న మనమే అందించినట్టు. ఎక్స్‌టెన్సివ్ కూడా మూడేళ్లకు ఎక్కువే. ఏ మాడ్యూల్, ఎంతమంది యూజర్లు, అందులో మీరు చేసిందేమిటి అన్నవి చాలు.

అప్రైజల్లో అందరూ హ్యూజ్ ఇంపాక్ట్ అని రాస్తుంటే మనమొక్కరమే మామూలుగా రాసి వెనకబడాలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, పోటీ అలాగే ఉంది. కానీ రేటింగులు ఖరారు చేసే మీటింగులో మీరుండరు, మీ మేనేజర్ ఉంటాడు. అతనికి మీ గురించి మాట్లాడటానికి దొరికేది ఒకటి రెండు వాక్యాల టైమ్. ‘హ్యూజ్ ఇంపాక్ట్’ అంటే పక్క మేనేజర్ కూడా అదే అంటాడు. “ఆరు గంటలు పట్టే బ్యాచ్ జాబ్‌ను 40 నిమిషాలకు తెచ్చాడు” అంటే దాన్ని కొట్టిపారేయడం కష్టం. అది టీమంతా కలిసి చేసిన పనైతే అందులో మీ వాటా ఏదో విడిగా రాయండి, లేకపోతే అదే 40 నిమిషాలు నలుగురి ఫారాల్లో కనిపించి నలుగురి రేటింగూ ఆగుతుంది. అంకె దొరకని పనులకు, ముందు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది, ఎవరికి పని తగ్గింది అన్నది రాసి, ఆ తేడా చూసినవాళ్ల పేరు మేనేజర్‌కు ముందే చెప్పి ఉంచండి.